నా పెట్టుబడి ఎవరి దగ్గరుంది?

దసరా సెలవులకు వచ్చిన మా మేనల్లుడు భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. చిరుధాన్యాలతో జంతికలు, చెక్కలు, లడ్డూలు చేసి అమ్మే కంపెనీ పెడతాడట, అందుకోసం ఉద్యోగం మానేస్తాడట. పద్నాలుగు పేజీల ప్రెజెంటేషన్. ప్రతి మూడో పేజీలోనూ ఒక గీత ఎడమ పక్కన నేల మీద బయలుదేరి కుడి పక్కన ఆకాశంలో తేలుతోంది. అసలు సంగతి పదకొండో పేజీలో ఉంది. కావలసిన పెట్టుబడి కోటి రూపాయలు. అందులో ప్రచారానికి 35 లక్షలు, యంత్రాలకు 24, జీతాలకు 20, షెడ్డు అడ్వాన్సుకు 6, ప్యాకింగుకు 5. అన్నిటికంటే అడుగున, మిగిలిన జాగా నింపడానికి రాసినట్టు, వర్కింగ్ క్యాపిటల్, అంటే అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా వ్యాపారం నడపడానికి కావలసిన సొమ్ము, 10 లక్షలు.

"సూపర్ మార్కెట్ల వాళ్ళు డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తారురా?" అని అడిగాను.

"అరవై రోజులన్నారు మామయ్యా. అమ్ముడుపోని సరుకు మనమే వెనక్కి తెచ్చుకోవాలి."

"నెలకు ఎంత అమ్ముతావు?"

"ఏడాది తిరిగేసరికి నెలకు 15 లక్షలు."

నెలకు 15 లక్షల చొప్పున రెండు నెలలంటే 30 లక్షలు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. గోదాములో ఉన్న కొర్రలు, నూనె, దారిలో ఉన్న సరుకు, వెనక్కి వచ్చే పొట్లాలు దీనికి అదనం. అడుగున ఉన్న ఆ 10 లక్షల వరుస ఏ మూలకు వస్తుందని అడిగితే, "అందుకే కదా మామయ్యా రెండో రౌండు పెట్టుబడి" అన్నాడు. వాడి గొంతులో కంగారేమీ లేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళుగా నేను చేస్తున్నదంతా ఆ అడుగు వరుసలోనే ఉంది మరి.

వాడికి చెప్పాలనుకుని సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. చిన్న వ్యాపారానికి పెట్టుబడి దొరకడం లేదని మనం అంటున్నదాంట్లో చాలా భాగం అసలు పెట్టుబడి కొరతే కాదని నా అభిప్రాయం. మన డబ్బు మన కొనుగోలుదారు దగ్గర చిక్కుకుని ఉంటుంది. అది అక్కడ ఉన్నన్నాళ్ళూ మనం వేరేచోట వడ్డీకి తెచ్చి అతనికి వడ్డీ లేకుండా ఇస్తుంటాం. ఆ రోజులు తగ్గించుకోకుండా ఎంత పెట్టుబడి తెచ్చినా, అమ్మకం పెరిగే కొద్దీ అది చాలకుండా పోతూనే ఉంటుంది.

18 లక్షల మిషన్లు, 36 లక్షల బిల్లులు

నాది అట్టపెట్టెల తయారీ. 2013లో హైదరాబాదు శివారు పారిశ్రామికవాడలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మొదలుపెట్టాను. కారుగేషన్ మిషను, పేస్టింగు, స్లాటింగు, పిన్నింగు, అన్నీ కలిపి 18 లక్షలయ్యాయి. ఆ అప్పు నాకు పెద్దగా కష్టపడకుండానే దొరికింది. సీజీటీఎంఎస్ఈ అనే హామీ నిధి 2000లోనే పెట్టారు. ఆ హామీ ఉంటే బ్యాంకు ఇల్లు తాకట్టు అడగకుండా అప్పివ్వగలదు. మేనేజరు గారు స్వయంగా వచ్చి మిషను పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. మిషను ఫొటోలో పడుతుంది, దాని మీద నంబరు ఉంటుంది, అప్పు తీర్చకపోతే పట్టుకుపోవచ్చు. పెట్టుబడి అనగానే మన బ్యాంకులకూ, పథకాలకూ, చుట్టాలకూ ముందుగా గుర్తొచ్చేది అదే. పీఎంఈజీపీ అయినా ముద్ర అయినా, ఈ ప్రభుత్వ రుణ పథకాల దరఖాస్తుకు జతచేసే కాగితాల్లో మిషను కొటేషను ముందు ఉంటుంది.

మిషను తినేది కాగితాన్ని. పెట్టె ఖరీదులో మూడింట రెండు వంతులు క్రాఫ్ట్ పేపరే. ఒక్కో రీలు నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. పేపరు వ్యాపారి కొత్తవాడికి అరువివ్వడు. ఇచ్చినా నగదు ధర వేరు, అరువు ధర వేరు. కిలోకు రూపాయి తేడా అని తేలిగ్గా చెబుతాడు గానీ, 30 రూపాయల సరుకు మీద నెల రోజులకు ఒక రూపాయి అంటే నూటికి మూడు రూపాయల పైన వడ్డీ.

మూడో ఏట ఒక మందుల కంపెనీ ఆర్డరు వచ్చింది. ఇంట్లో కోవా పంచాం. ఆర్డరు కాగితం చివర చిన్న అక్షరాల్లో ఉన్న "చెల్లింపు గడువు 90 రోజులు" అన్న మాట చదివాను కూడా. తొంభై రోజులే కదా, వస్తాయిలే అనుకున్నాను. వచ్చేవి, 110 రోజులకో 115 రోజులకో. ఒకసారి బిల్లు మీద ఆర్డరు నంబరులో ఒక సున్నా తప్పిందని వెనక్కి పంపారు. కొత్త బిల్లు ఇచ్చిన తేదీ నుంచి మళ్ళీ తొంభై లెక్కపెట్టారు.

2018 నాటికి నెలకు 10 లక్షల అమ్మకం. అప్పుడొక ఆదివారం మా ఆవిడ, ఖాతాలన్నీ తనే చూస్తుంది, రాబట్టాల్సిన బిల్లులు కూడింది. 36 లక్షలు. నా షెడ్డులో ఉన్న ఇనుమంతా కలిపితే 18 లక్షలు, అదీ కొత్తప్పటి ధర. అంటే నా వ్యాపారంలో పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం నా షెడ్డులో లేనే లేదు. నాకంటే వందల రెట్లు పెద్దదైన కంపెనీ ఖాతాలో ఉంది. పైగా పన్ను అలా ఆగదు. పెట్టె మీద అప్పుడు జీఎస్టీ 12 శాతం. కాగితం మీద కట్టింది పోను నెలకు 40 వేల పైచిలుకు, నాకు ఒక్క రూపాయి రాకముందే, మరుసటి నెల 20వ తేదీకల్లా కట్టాలి. కొన్నవాడు మాత్రం ఆ పన్ను మినహాయింపు ఆ నెలే వాడుకోవచ్చు. 180 రోజుల్లోగా నాకు డబ్బిస్తే అతనికి ఆ చట్టంతో ఏ ఇబ్బందీ లేదు.

మరుసటి జనవరిలో అదే కంపెనీ ఆర్డరు రెట్టింపు చేస్తామంది. నేను ఎగిరి గంతేశాను. "కాగితం ఎవరిస్తారు?" అంది మా ఆవిడ. లెక్క చూస్తే అదనంగా నెలకు 10 లక్షల సరుకు పంపాలంటే ఇంకో 33 లక్షలు చేతి నుంచి పెట్టాలి. మాకు మిగిలేది నూటికి ఎనిమిది, అంటే నెలకు 80 వేలు. తినకుండా, కట్టుకోకుండా దాచినా అది మూడేళ్ళ ఐదు నెలల లాభం. వ్యాపారం బాగా సాగుతున్నప్పుడే మూతపడే ప్రమాదం ఎక్కువని నాకు ఆ రోజు తెలిసింది. నష్టాల వల్ల మూతపడిన వాళ్ళకంటే పెద్ద ఆర్డరు పుచ్చుకుని మూతపడిన వాళ్ళే మా పారిశ్రామికవాడలో నాకు ఎక్కువమంది తెలుసు.

రెండు రూపాయల పావలా

మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చానంటే, అందరూ తెచ్చే చోటి నుంచే. చీటీ.

10 లక్షల చీటీ, 20 నెలలు, నెలకు 50 వేలు. మూడో నెలలో రెండున్నర లక్షలు వదులుకుని పాడుకున్నాను. ఆ రెండున్నర లక్షల్లో కంపెనీ కమీషను 50 వేలు, మిగతా రెండు లక్షలు సభ్యులందరికీ తలా పది వేలు. చేతికి ఏడున్నర లక్షలొచ్చాయి. అప్పటికి నేను కట్టిన మూడు వాయిదాలు పోను నిజంగా నాకు ముట్టింది 6 లక్షల 30 వేలు. ఆ తర్వాత 17 నెలలు సగటున 45 వేల చొప్పున కట్టాను. చాలా ఏళ్ళ తర్వాత కూర్చుని లెక్కేస్తే నెలకు నూటికి రెండు రూపాయల పావలా వడ్డీ పడింది. పాట రోజు మాత్రం అది వడ్డీలా అనిపించలేదు. చీటీ పాటలో వడ్డీ అనే మాట ఎవరూ అనరు.

అయినా చీటీని నేను తిట్టను. రెండేళ్ళ బ్యాలెన్సు షీటు అడగకుండా, ఫొటో తీయించుకోకుండా, అడిగిన నెలలో డబ్బిచ్చేది అదొక్కటే. అడిగేది జామీను. పాడుకున్నవాడు మిగతా వాయిదాలకు జీతం వచ్చే మనిషిని చూపించాలి. మా బావమరిది బడిపంతులు. సంతకం పెట్టడానికి స్కూలు నుంచి సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. ఫారం మీద తన జీతం అంకె రాస్తూ నా వైపు చూడలేదు. పెట్టిన తర్వాత "టీ తాగుదామా బావా" అన్నాడు. ఆ 17 నెలలూ వాయిదా తేదీ దగ్గర పడుతుంటే నాకు కంపెనీ గుర్తొచ్చేది కాదు, అతని సంతకం గుర్తొచ్చేది.

ఇక్కడే మా మేనల్లుడు నన్ను పట్టుకున్నాడు. "నీ పద్ధతిలో వ్యాపారం మునిగితే ఆ మాస్టారి జీతం పోయేది. నా పద్ధతిలో మునిగితే, మునుగుతుందని తెలిసే డబ్బు పెట్టినవాళ్ళది పోతుంది. ఏది నయం మామయ్యా?" నా దగ్గర జవాబు లేదు. వాటా అమ్మి తెచ్చే డబ్బుకు వాయిదా తేదీ ఉండదు. బావమరిది ఇంటికి ఎవరూ వెళ్ళరు. ఇది నిజంగా పెద్ద మేలు. మా తరం దాన్ని జూదంలా చూసింది గానీ, మేము ఆడిన జూదంలో పందెం పెట్టింది చుట్టాల జీతాలు, ఆడవాళ్ళ గాజులు.

కానీ వాడి లెక్కలో నాకు నచ్చనిది వేరే ఉంది. వాడు ఆ కోటి కోసం కంపెనీలో అయిదో వంతు ఇస్తున్నాడు. అందులో 30 లక్షలు పోయి సూపర్ మార్కెట్ల దగ్గర కూర్చుంటాయి. తన కంపెనీలో ముక్క కోసి అమ్మి, ఆ డబ్బు తనకంటే పెద్దవాళ్ళకు వడ్డీ లేని అప్పుగా ఇవ్వడం కదా అది! నేను నూటికి రెండు రూపాయల పావలా ఇచ్చుకున్నాను, 17 నెలల్లో తీరిపోయింది. వాడు ఇచ్చుకునేది ఎప్పటికీ తీరదు. కంపెనీ బాగుపడిన కొద్దీ ఆ వడ్డీ పెరుగుతుంది.

బ్యాంకు సూత్రం

బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (సరుకు, బిల్లులు చూపించి ఒక లిమిట్ దాకా కావలసినప్పుడల్లా వాడుకునే అప్పు) ఉంది కదా, చీటీ దాకా ఎందుకు వెళ్ళావని అడిగేవాళ్ళుంటారు. ఉంది, నేనూ తీసుకున్నాను. చిన్న పరిశ్రమలకు ఎంత ఇవ్వాలన్న దానికి 1992 నాటి నాయక్ కమిటీ సూత్రం ఉంది. ఏడాది అమ్మకంలో నాలుగో వంతు వర్కింగ్ క్యాపిటల్‌గా కావాలి, అందులో అయిదు శాతం మనం పెట్టుకుంటే ఇరవై శాతం బ్యాంకు ఇస్తుంది. తేలికైన సూత్రమే. నాలుగో వంతు అంటే మూడు నెలలు. కాగితం కొన్న రోజు నుంచి పెట్టె డబ్బు తిరిగొచ్చే రోజుదాకా మూడు నెలలు పడుతుందన్న ఊహ మీద అది నిలబడింది. నా దగ్గర కాగితం ఇరవై రోజులుంటుంది, తయారీ పది రోజులు, డబ్బు రావడానికి 115 రోజులు. మొత్తం 145 రోజులు, అంటే దాదాపు ఐదు నెలలు. పైగా నేను చెప్పిన 1.2 కోట్ల అంచనాను మేనేజరు గారు నమ్మలేదు. నిరుటి 75 లక్షలే లెక్కలోకి తీసుకుని అందులో అయిదో వంతు, 15 లక్షలు ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. అంచనాలు రాసేటప్పుడు మేమందరం కవులమే.

అసలు బాధ నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటుతో వచ్చింది. లిమిట్ 15 లక్షలైనా అంతా వాడుకోవడానికి వీల్లేదు. చేతిలో ఉన్న సరుకు, రావాల్సిన బిల్లులు చూసి ఆ నెలకు ఎంత తీసుకోవచ్చో లెక్కేస్తారు. అందులో 90 రోజులు దాటిన బిల్లులను లెక్కలోకి తీసుకోరు. 2019లో ఒక పెద్ద కొనుగోలుదారు 150 రోజులు దాటినా ఇవ్వకపోతే పౌరుషం వచ్చి సరుకు ఆపేశాను. అతని పాత బిల్లులేమో తొంభై దాటాయి కాబట్టి లెక్కలోంచి పోయాయి. కొత్త బిల్లులు లేవు. మూడో నెలలో నా 15 లక్షల లిమిట్‌లో వాడుకోదగినది 8 లక్షలకు దిగింది. సరుకు ఆపకుండా పంపుతూ ఉంటే బాకీ పెరిగేది గానీ బ్యాంకు దగ్గర నా లెక్క చక్కగా ఉండేది. చివరికి నేనే ఫోను చేసి, "సార్, పాతది తర్వాత చూద్దాం, కొత్త ఆర్డరు పంపండి" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

నలభై అయిదు రోజులు

చట్టం లేదా అంటే, దివ్యంగా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే దాని ప్రకారం, ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులకు మించకుండా చెల్లించాలి. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది. తీర్పు మనకు అనుకూలంగా వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలనుకున్న కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. అంటే నా ఆర్డరు కాగితం మీది "90 రోజులు" అన్న మాటే చట్టం ముందు చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఒక రాత్రి ఆ పోర్టల్లో వివరాలన్నీ నింపి, చివరి బొత్తాం నొక్కకుండా మూసేశాను. నొక్కితే పాత బాకీ వస్తుందేమో గానీ కొత్త ఆర్డరు రాదు. నా షెడ్డులో అప్పటికి పద్నాలుగు మంది పని చేస్తున్నారు.

నిజంగా కదిలించిన చట్టం ఒకటుంది, అది ఆదాయపు పన్నుది. 2023లో చేర్చిన 43బి(హెచ్) సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించకపోతే, కొనుగోలుదారు ఆ ఖర్చును చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి, అంటే చెల్లించేదాకా దాని మీద అతనికి పన్ను తగ్గదు. వర్తకుల బిల్లులకు వర్తించదు, తయారీదార్ల బిల్లులకు వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో, పదేళ్ళలో ఎన్నడూ నాకు ఫోను చేయని అకౌంటెంట్లు వరసగా చేశారు. "మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందా సార్? అందులో మీది సూక్ష్మమా, చిన్నదా?" సార్ అని! ఉద్యం అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు. మార్చి ఆఖరి వారంలో మూడు కంపెనీల నుంచి పాత బిల్లులన్నీ ఒకేసారి జమయ్యాయి. అంత డబ్బు ఒకేసారి ఖాతాలో చూడటం అదే మొదలు. మా ఆవిడ ఫోను తీసుకుని మళ్ళీ మళ్ళీ చూసింది.

ఆ వేసవిలోనే ఒక కొనుగోలు అధికారి టీ ఇప్పించి, "ఆ ఉద్యం సర్టిఫికెట్ అవసరమా మీకు? రద్దు చేసుకుంటే మనకు వెసులుబాటుగా ఉంటుంది" అన్నాడు. నవ్వేసి వచ్చాను. తర్వాతి త్రైమాసికంలో అతని ఆర్డరు సగమైంది. ఇంకెవరికో, ఆ సర్టిఫికెట్ లేనివాడికో, మధ్య తరహా సంస్థకో పోయి ఉంటుంది. చిన్నవాణ్ణి కాపాడే నియమం చిన్నవాణ్ణి కొనడమే మానేయడానికి కారణం కావచ్చన్న వాదనను నేను పత్రికలో చదివినప్పుడు కొట్టిపారేశాను. అతని టీ తాగాక అంత ధీమాగా కొట్టిపారేయలేను. బిల్లులను వేలం వేసి వెంటనే డబ్బు తీసుకునే ట్రెడ్స్ వేదికలు కూడా ఉన్నాయి. 250 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలు వాటిలో చేరాలన్న నియమం వచ్చింది. నా కొనుగోలుదార్లలో ఎక్కువమంది ఆ గీతకు కింద ఉన్నారు. పైన ఉన్న ఒక్కరూ చేరారు గానీ, నా బిల్లును అక్కడ అంగీకరించే పని ఎప్పుడూ "ప్రాసెస్‌లో ఉంది".

అటువైపు కుర్చీ

ఇంత ఉక్రోషంగా రాస్తున్న నేను ఈ పని మొదలుపెట్టకముందు పదకొండేళ్ళు ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. బిల్లులు ఆపడం నా ఉద్యోగంలో భాగం. చిన్న సరఫరాదారు బిల్లు వస్తే ముందు సంతకం చూసేవాళ్ళం, తర్వాత సరుకు అందిన నోటు నంబరు, తర్వాత తేదీ. ఏ తప్పూ దొరక్కపోతే అడుగున పెట్టేవాళ్ళం. మార్చి 31కి బ్యాంకు నిల్వ నిండుగా కనబడాలని ఇరవయ్యో తేదీ నుంచి ఎవరికీ చెక్కులు వెళ్ళేవి కావు. లేబుళ్ళు ముద్రించి ఇచ్చే ఒక పెద్దాయన మధ్యాహ్నం పూట వచ్చి రిసెప్షన్‌లో కుర్చీ ఉన్నా నిలబడే ఉండేవాడు. కూర్చుంటే మరిచిపోతారని భయం కాబోలు. "సంతకం పెట్టాల్సిన సార్ క్యాంపులో ఉన్నారు" అని చాలాసార్లు నేనే చెప్పాను. సార్ లోపలి గదిలోనే ఉండేవారు.

అప్పట్లో నాకు అది మోసం అనిపించలేదు. కంపెనీ డబ్బును జాగ్రత్తగా వాడటం అనిపించేది. ఆ ఏడాది నా పనితీరు బాగుందని ఇంక్రిమెంటు కూడా ఇచ్చారు. అందుకే కొనుగోలుదార్లందరూ దుర్మార్గులని నేను అనలేను. ఆలస్యం చేసినందుకు ఎవరికీ శిక్ష లేదు, మెప్పు ఉంది. అలాంటప్పుడు మంచివాళ్ళూ అదే చేస్తారు. నేను చేశాను.

మరో వాదన కూడా ఉంది. మా పక్క షెడ్డు మిత్రుడు ఎప్పుడూ అంటాడు, "అరువే నీ ప్రచారం బాబూ. నీ పెట్టెకూ నా పెట్టెకూ తేడా ఏముంది? తొంభై రోజులు ఆగగలగడమే నీ ప్రత్యేకత." నొప్పిగా ఉన్నా ఇందులో నిజం ఉంది. అట్టపెట్టెకు బ్రాండు లేదు. మొదటి మూడేళ్ళు నన్ను ఎవరైనా కొన్నారంటే నా చేతి నైపుణ్యం చూసి కాదు, నా ఓపిక చూసి. ఓపిక లేనివాడు ఈ వ్యాపారంలోకి రాకూడదా అంటే, ఓపిక అని మనం పిలుస్తున్నది ఎక్కువసార్లు తండ్రి వదిలివెళ్ళిన పొలమో, మామగారి పెన్షనో. అది లేని కుర్రవాడు నాకంటే మంచి పెట్టె చేసినా నిలబడలేడు. పోటీ పనిలో ఉండాల్సింది పోయి, ఎవరు ఎక్కువ రోజులు ఆగగలరన్నదాంట్లో ఉంటోంది.

నేను చేసింది, అది ఇచ్చింది

2019 దెబ్బ తర్వాత మెల్లగా ఒక మార్పు చేసుకున్నాం. వారంలో డబ్బిచ్చేవాళ్ళకు నూటికి రెండు తగ్గింపు. పచ్చళ్ళ వాళ్ళు, మిఠాయి దుకాణాల వాళ్ళు, వేసవిలో మామిడి పండ్లు పెట్టెల్లో పంపే తోటల వాళ్ళు, మూడొందలు, అయిదొందల పెట్టెల ఆర్డర్లు. అంతకుముందు వీళ్ళను నేను చిల్లర బేరాలని పట్టించుకునేవాణ్ణి కాదు. వీళ్ళలో చాలామంది సరుకు ట్రాలీలోకి ఎక్కుతుండగానే డబ్బు పంపుతారు. ఒక పచ్చళ్ళావిడ సగం ముందే బయానా ఇస్తుంది. "మీ కాగితానికి కావాలి కదా" అంటుంది. నాకు వ్యాపారంలో పెట్టుబడి పెట్టిన తొలి ఇన్వెస్టరు ఆవిడే. వాటా అడగలేదు గానీ ఏడాదికోసారి గోంగూర సీసా మాత్రం పంపుతుంది.

అమ్మకంలో నలభై శాతం ఉన్న పెద్ద కొనుగోలుదారు వెళ్ళిపోయాడు. మేం పొమ్మనలేదు, 60 రోజులకు మించి ఆగలేమన్నాం, అంతే. మొత్తం అమ్మకం మూడో వంతు పడిపోయింది. రావాల్సిన బిల్లులు మాత్రం 36 లక్షల నుంచి 11 లక్షలకు దిగాయి. చీటీ మళ్ళీ పాడాల్సిన అవసరం రాలేదు. బ్యాంకు ఏం చేసిందంటే, టర్నోవరు తగ్గింది కాబట్టి లిమిట్ తగ్గించింది. మా కొత్త మేనేజరు ఫైలు చూసి, "వ్యాపారం దెబ్బతిన్నట్టుంది" అని జాలిపడ్డాడు. నేను వివరించబోయి ఊరుకున్నాను.

ఇది అందరికీ కుదిరే మందు కాదు. చిల్లర ఆర్డర్లలో పని ఎక్కువ. ప్రతి పెట్టెకూ కొలత మారుతుంది, మిషను సర్దడానికే గంట పోతుంది. పిన్నింగు దగ్గర కూర్చునే వాళ్ళు నన్ను తిట్టుకుంటారు. నేను కూడా పెద్దగా ఎదగలేదు. పెద్ద ఆర్డర్లతో నిలదొక్కుకుని ఈ రోజు ఆటోమేటిక్ ప్లాంటు పెట్టినవాళ్ళు మా దగ్గరే ఇద్దరున్నారు. వాళ్ళు తెగించారు, నేను తెగించలేదు. ఇందులో ఎంత తెలివి, ఎంత పిరికితనం అన్నది నాకే తేలదు.

అంతా సర్దుకుందనుకుంటుండగా 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్టె మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, క్రాఫ్ట్ పేపరు మీద 18కి పెరిగింది. కొనేటప్పుడు కట్టే పన్ను అమ్మేటప్పుడు వసూలయ్యే పన్ను కంటే ఎక్కువ. తేడా తిరిగి ఇస్తారు, దరఖాస్తు చేసుకోవాలి. అంటే నా డబ్బు చిక్కుకునే చోటు ఇంకొకటి కలిసింది. ఈసారి డబ్బు ఆపేది ప్రభుత్వమే, ఉద్యం సర్టిఫికెట్ రద్దు చేసుకోమని మాత్రం అడగదు.

పోయిన వారం మేనల్లుడు ఫోను చేశాడు. పదకొండో పేజీ మార్చాడట. ప్రచారం 35 నుంచి 15కు తగ్గించాడు, సూపర్ మార్కెట్లకు బదులు మొదటి ఏడాది ఆఫీసు క్యాంటీన్లు, అపార్టుమెంట్లలో నెల చందా పెట్టెలు. నెల చందా అంటే డబ్బు ముందే వస్తుంది. "అయితే నీకిప్పుడు కోటి అక్కర్లేదు కదరా" అన్నాను. కాసేపు ఆగి, "కోటి కంటే తక్కువ అడిగితే వాళ్ళు సీరియస్‌గా తీసుకోరు మామయ్యా" అన్నాడు. దానికేం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను. పెట్టెలు మాత్రం నా దగ్గరే చేయించుకుంటాడట. ఎన్ని రోజుల గడువని అడగడానికి నోరు రాలేదు.

ఈ పోస్టు కోసం ఖాతా పుస్తకం తీసినప్పుడు ఇంకో సంగతి కంటబడింది. పేస్టుకు గంజిపొడి ఇచ్చే వ్యాపారికి నేనివ్వాల్సిన 11,400 రూపాయలు. బిల్లు తేదీ చూస్తే 52 రోజులైంది. అతను రెండుసార్లు ఫోను చేశాడు. రెండోసారి మా సూపర్‌వైజరు ఎత్తి, సార్ బయటికెళ్ళారని చెప్పాడట. నేను పక్కనే ఉన్నాను.